మన్రో దొర కరువు లెక్క

దత్త మండలాల పల్లెల్లో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. ఆ పేరు థామస్ మన్రో అనే కంపెనీ దొరది. ఆయన మంచివాడా, చెడ్డవాడా అని వాదించుకుంటే ఒరిగేదేమీ లేదు. ఆయన పెట్టిన లెక్క ఎవరిని రైతుగా చూసిందో, ఎవరిని వదిలేసిందో తెలుసుకోవాలి.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. 1780లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. హైదరాలీ, టిప్పులతో జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. బారామహల్‌లో శిస్తు వసూలు నేర్చాడు. 1800లో నిజాం అనంతపురం, బళ్లారి, కడప సీమలను కంపెనీకి వదిలేస్తే మన్రో కలెక్టరుగా వచ్చాడు. అనంతపురంలో మకాం పెట్టి పాలెగాళ్లను అణిచాడు. చేను చేనూ కొలిపించి రైత్వారీ పద్ధతి పాతాడు. ఏడేళ్లలో కంపెనీ రాబడి సుమారు సగం పెరిగింది. అదంతా మెట్ట రైతు చెమటే.

పంటలో దాదాపు 45 పాళ్లు శిస్తుకే పోతోందని ఆయనే ఒప్పుకున్నాడు. 1807లో 25 పాళ్లు తగ్గించాలనీ, బావుల కింద భూములకు ఇంకో 8 పాళ్లు తగ్గించాలనీ పైకి రాశాడు. కంపెనీకి డబ్బు కావాలి, చెవిన పెట్టలేదు. ఊళ్లకు ఊళ్లే గుత్తకిచ్చింది. 1820లో తానే మద్రాసు గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. ఆ మాత్రం మేలు చేశాడని చెప్పుకోవాల్సిందే.

కానీ ఆ 1807 కాగితంలోనే ఇంకో షరతు ఉంది. మామూలుగా పంట పోయిందని శిస్తు మాఫీ చెయ్యకూడదు. ఎండిపోయిన రైతు కట్టలేకపోతే ఊళ్లో మిగతా రైతులు తమ శిస్తుపై పదో వంతు దాకా అదనంగా కట్టాలి. వానే గగనమైన సీమలో పంట పోవడమే మామూలు కదా! నష్టం కంపెనీకి తగలకుండా పక్క రైతు మీదకు నెట్టారన్న మాట. మాఫీ దొర దయ, రైతు హక్కు కాదు. ఇక కూలికి పోయేవాడి పేరు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మన్రో చనిపోయాడు. గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసు కోట చర్చికి మార్చారు. ఆయన లెక్క మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

బీమా లేని రైతుకు పంట పోతే దిక్కు సర్కారు ఇచ్చే పెట్టుబడి రాయితీ. 2022లో కేంద్రం ఖరారు చేసిన రేటు మెట్ట పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. అదీ 33 శాతం పైన నష్టపోతేనే, రెండు హెక్టార్ల వరకే. శెనక్కాయ విత్తనాలకే చాలదు. కౌలుదారు చేతికి రావాలంటే కాగితం కావాలి. రాష్ట్రం 2019లో చేసిన కౌలు చట్టం ఆ కాగితానికి భూమి యజమాని సంతకం అడిగింది. భయపడి సంతకం పెట్టనివాళ్లే ఎక్కువ. కూలీకి పోయిన పనిదినాలను ఏ అధికారీ నష్టంగా రాయడు.

అందుకే పట్టా చూసి కాదు, సాగు చూసి సాయం ఇవ్వాలి. దున్నినవాడెవరో ఊరందరికీ తెలుసు. గ్రామసభలో ఆ జాబితా చదివించండి. కౌలుదారుల పేర్లు, కూలీలు పోగొట్టుకున్న పనిదినాలు అందులో ఎక్కేదాకా సభ వదలకండి.