డాక్టరు అన్నా కుగ్లరు

గుంటూరు పట్టణమునకు పోయి ఎవరిని అడిగినను కుగ్లరు ఆస్పత్రికి త్రోవ చూపుదురు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల పెద్దలలో తామో తమ తల్లులో ఆ ఆస్పత్రిలో జన్మించినట్లు చెప్పుకొనువారు కలరు. కాని కుగ్లరనునది ఒక స్త్రీ పేరని, ఆమె సప్తసముద్రముల కావలినుండి వచ్చి మన నేలలోనే కన్నుమూసినదని ఎరిగిన బాలబాలికలు కొద్దిమందియే. నిత్యము నోటబలుకు పేరు వెనుక ఎట్టి జీవితము దాగియున్నదో తెలిసికొనుట మన విధి.

అన్నా సారా కుగ్లరు 1856 వ సంవత్సరము ఏప్రిల్ 19 వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించెను. సమీపముననున్న ఫిలడెల్ఫియా మహానగరమున చదువుకొనెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట ఆనాడు అమెరికాలో సైతము వింతగానే యుండెను. పలు కళాశాలలు వారిని చేర్చుకొనకుండెను. అట్టి దినములలో, 1850 లో, ఫిలడెల్ఫియా నగరమున స్త్రీల కొరకే ఒక వైద్యకళాశాల వెలసినది. ప్రపంచమున స్త్రీలకు వైద్యము నేర్పిన మొట్టమొదటి కళాశాలలలో అది యొకటి. అన్నా కుగ్లరు అందులో జేరి, 1879 లో, తన ఇరువదిమూడవ యేట వైద్యపట్టము పొందెను.

పట్టము చేతికి వచ్చిన పిమ్మట ఆమె ధనికుల ఇండ్ల కేగి ద్రవ్యము గడింపవలెనని కోరలేదు. నారిస్‌టౌన్ అను పట్టణమున మతిచలించిన వారి కొరకు ప్రభుత్వము నడపు చికిత్సాలయము కలదు. అందలి స్త్రీల విభాగమున ఆమె సహాయవైద్యురాలుగా జేరెను. తమ బాధను తాము చెప్పుకొనలేనివారు, బంధువులు చూడరానివారు, లోకము మరచినవారు అచ్చట నుండిరి. అట్టివారి చెంత గూర్చుండి, వారు పలుకని బాధను కనిపెట్టి, ఓర్పుతో పరిచర్య చేయుట ఆమెకు అచ్చటనే అలవడినది. మాట రాని రోగిని, మాట తెలియని రోగిని ఒకే ఓర్పుతో చూడగలవాడే నిజమైన వైద్యుడు గదా! ఈ అభ్యాసము తరువాత గుంటూరులో ఆమెకు మిక్కిలి అక్కరకు వచ్చినది.

1882 లో ఆమెకు గుంటూరునుండి ఒక లేఖ వచ్చెను. ఆడం రోవ్ అను అమెరికా మిషనరీ అప్పుడు గుంటూరులో పని చేయుచుండెను. మన దేశపు స్త్రీల దురవస్థను వర్ణించి, వారికి వైద్యము చేయ స్త్రీలే రావలసియున్నదని ఆయన వ్రాసెను. ఆ కాలమున ఘోషాలోనున్న కుటుంబముల స్త్రీలు పరపురుషుని కంటబడరు. రోగము ముదిరి ప్రాణము మీదికి వచ్చినను పురుషవైద్యుడు గడప దాటి లోనికి పోరాదు. మద్రాసు వైద్యకళాశాలలో స్త్రీలను చేర్చుకొనుట 1875 లోనే ఆరంభమైనను, చదివి బయటకు వచ్చిన వైద్యురాండ్రు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. లేఖ వ్రాసిన రోవ్ ఆ యేడాదియే గుంటూరులో మరణించెను. కాని ఆ లేఖ అన్నా కుగ్లరు హృదయమున నాటుకొనినది.

ఆమె తన లూథరను సంఘమునకు చెందిన స్త్రీల సమాజమునకు దరఖాస్తు చేసికొనెను. వారు ఆమెను పంపుటకు ఒప్పుకొనిరి గాని, ఒక నియమము పెట్టిరి. వైద్యసేవ నారంభించుటకు తమకింకను సమయము రాలేదనియు, ఆమె ఉపాధ్యాయురాలుగా మాత్రమే పోవలెననియు వారు నిర్ణయించిరి. ఏండ్ల తరబడి శ్రమించి నేర్చిన విద్యను ప్రక్కనబెట్టి, నేర్వని పనికి పోవుట యెట్లు? ఏ విద్య యవసరమని లేఖ వచ్చినదో ఆ విద్యకే అనుమతి లేకపోయెను. మరియొకరైనచో అభిమానము దెబ్బతిని విరమించుకొందురు. ఆమె మాత్రము సమ్మతించెను. అచ్చటి జనుల అవసరమే తన విద్యను పైకి తెచ్చునని ఆమె నమ్మిక. బయలుదేరునప్పుడు మందులను, వైద్యపరికరములను వెంట దీసికొని పోవుట మరువలేదు.

1883 ఆగస్టులో ఆమె ఓడ నెక్కెను. ఇచ్చట ఒక విశేషము తెలిసికొనదగియున్నది. ఆ సంవత్సరమే మహారాష్ట్రమునకు చెందిన ఆనందీబాయి జోషి అను యువతి వైద్యవిద్య కొరకు కలకత్తాలో ఓడ నెక్కి అమెరికాకు పోయెను. ఆమె చేరినది అన్నా కుగ్లరు చదివిన కళాశాలయే. 1886 లో పట్టము పొంది స్వదేశమునకు మరలి, మరుసటి యేడే, 1887 లో, క్షయవ్యాధితో మరణించెను. ఒకరు నేర్చిన విద్యను పంచుటకు ఇటు రాగా, మరియొకరు ఆ విద్యను నేర్చుటకు అటు పోయిరి. ఇద్దరి గమ్యము భారతస్త్రీల ఆరోగ్యమే.

1883 నవంబరు చివర అన్నా కుగ్లరు గుంటూరు చేరెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియేడు. నాటికి గుంటూరు ప్రత్యేకమైన జిల్లా కాదు. బాపట్ల, రేపల్లె తాలూకాలతోకూడ అది మచిలీపట్నము కేంద్రముగాగల కృష్ణాజిల్లాలో చేరియుండెను. గుంటూరునకు రైలు లేదు. 1855 లో కృష్ణానదికి విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైనందున డెల్టా కాలువలలో పడవలు తిరుగుచుండెను. తక్కిన ప్రయాణము ఎడ్లబండ్ల మీదనే. గుంటూరునకు తెనాలి సుమారు 25, బాపట్ల 50, రేపల్లె 60 కిలోమీటర్ల దూరము. గంటకు నాలుగు కిలోమీటర్లు నడచు ఎడ్లబండికి రేపల్లెనుండి గుంటూరు చేర పదునైదు గంటలు పట్టును. వానకాలమున రేగడి బురదలో చక్రము దిగబడిన, ఎప్పుడు చేరుదుమో చెప్పజాలము. ప్రసవవేదన పడు తల్లి ఆ బండిలో నున్నచో ఆమె గతి యేమో విద్యార్థులే ఊహించుకొనవచ్చును.

ఆమె మొదట తెలుగు నేర్చెను. తనకప్పగించిన విధిని విడువక బాలికలకును, ఘోషాస్త్రీలకును చదువు చెప్పుచుండెను. వైద్యురాలు వచ్చినదన్న వార్త ఇంటింటికిని ప్రాకెను. చదువు చెప్పు నిండ్లలోనే నాడి చూచి మందులిచ్చుట మొదలైనది. కొందరు ఆమె బసకే రాజొచ్చిరి. కాని దారి సుగమముగా లేదు. ఆమె విదేశీయురాలు, అన్యమతస్థురాలు. ఆచారపరాయణుల ఇండ్లలో అట్టివారి స్పర్శ మైలగా నెంచబడుచుండెను. పరాయివారి చేతి నీరు త్రాగని వారికి ఆమె కలిపిన మందు త్రాగుటయు సంకటమే. అందులకు ఆమె కినియలేదు, వెనుదీయను లేదు. పిలిచినచో పోవుచు, పిలువనిచో వేచియుండుచు, నెమ్మదిగా వారి నమ్మకమును చూరగొనెను.

ఆ కాలపు మంత్రసానులకు అనుభవము కలదు గాని, శుభ్రతను గూర్చిన శాస్త్రజ్ఞానము లేదు. శుద్ధిచేయని కత్తితో బొడ్డు కోయుటవలన ధనుర్వాతము సోకి అనేక శిశువులు మరణించుచుండిరి. పుట్టుకలో కన్నుల కంటిన వ్యాధివలన కొందరు శిశువులు చూపు గోల్పోవుచుండిరి. పుట్టిన వెంటనే కన్నులలో వెండిలవణపు ద్రావకమును ఒక్క చుక్క వేసినచో ఆ అంధత్వమును నివారింపవచ్చునని జర్మనీ దేశపు వైద్యుడు క్రేడే 1880 ప్రాంతమున కనుగొనియుండెను. కష్టప్రసవములలో ఊపిరి సకాలమున అందక శిశువు మెదడు దెబ్బతినవచ్చును. ఆ బిడ్డ బ్రతికినను నడకయో మాటయో సరిగా రాక జీవితాంతము ఇతరులపై నాధారపడవలసి రావచ్చును. తల్లి మరణించినచో బిడ్డ అనాథయగును. వికలాంగులను, అనాథలను ఆదరించుట గొప్ప పుణ్యము. బిడ్డలకట్టి దుస్థితి రాకుండ పురిటిమంచము వద్దనే అడ్డుపడుట అంతకన్న గొప్ప సేవ. శిక్షణ పొందిన వైద్యురాలు ఊరిలో నుండుట ఇందువలననే ప్రాణావసరమైనది.

రెండేండ్లు గడచునప్పటికి ఆమె పనియే ఆమె పక్షమున వాదించినది. 1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్యసేవకై అధికారపూర్వకముగా నియమించిరి. మరుసటి యేడు గుంటూరులో ఒక ఔషధశాల తెరువబడెను. కాని మందిచ్చి పంపుటతో అన్ని వ్యాధులును నయము కావు. శస్త్రచికిత్స చేయవలసిన వారిని, దినముల తరబడి కనిపెట్టియుండవలసిన వారిని ఎచ్చట నుంచవలెను? ఆస్పత్రి కావలెను. అందులకు స్థలము కావలెను, ధనము కావలెను. 1889 లో ఆమె సెలవుపై స్వదేశమునకు పోయెను. విశ్రాంతి కొరకు దొరికిన ఆ కాలమున ఊరూరను గుంటూరు స్త్రీల కష్టములను వివరించి విరాళములు కూర్చెను. తిరిగివచ్చిన పిమ్మట 1893 లో ఔషధశాలకు క్రొత్త భవనమును, 1897 లో ఏబది పడకల ఆస్పత్రియు వెలసెను. ఉపాధ్యాయురాలుగా పంపబడిన స్త్రీ పదునాలుగేండ్లలో స్త్రీలకును శిశువులకును ఒక వైద్యశాలను నిలిపినది.

ఒక్కచేతితో ఆస్పత్రి నడువదు. కేథరిన్ ఫాస్ అను నర్సు అమెరికానుండి వచ్చి అనేక సంవత్సరము లామెకు కుడిభుజమై నిలిచెను. స్థానికులైన యువతులకు రోగిపరిచర్యలో శిక్షణ మొసగబడెను. తాను శాశ్వతము కాదనియు, పని శాశ్వతము కావలెననియు కుగ్లరు ఎరిగియుండెను. కాలక్రమమున ఆ మిషనువారే చీరాల, రెంటచింతలలలో సైతము వైద్యశాలలు నెలకొల్పిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర బాపట్లమీదుగా రైలుమార్గము ఏర్పడుటయు, 1916 లో గుంటూరు, తెనాలి, రేపల్లెలను కలుపు రైలుమార్గము వచ్చుటయు డెల్టా గ్రామముల రోగులకు ఎంతయో మేలుచేసినవి. పదునైదు గంటల బండిప్రయాణము కొద్దిగంటలకు తగ్గెను.

దూరమునుండి వచ్చు రోగుల బంధువుల కొక చిక్కు కలిగెను. ఆస్పత్రిలో వండిన భోజనము తినుటకు ఆచారవంతులు సందేహించువారు. వారు వేరుగా వండుకొని తినుటకు చోటు కావలెను. ఏలూరు జమీందారును, కవియును అగు మంత్రిప్రెగడ భుజంగరావు తన కుటుంబమునకు కుగ్లరు చేసిన వైద్యమునకు కృతజ్ఞుడై, ఆస్పత్రికి వచ్చు హిందువుల వసతికొరకు ఒక సత్రమును కట్టించెను. హిందువైన జమీందారు క్రైస్తవుల ఆస్పత్రి ప్రక్కన సత్రము కట్టించుట ఆ కాలమునకు సామాన్యవిషయము కాదు. ఆమె తన మతమును దాచుకొనలేదు, ఆ సంఘము ఆమెను పంపినది మతకార్యములో భాగముగనే. అయినను రోగి నే మతమువాడవని గాక, నీకు నొప్పి యెక్కడనని అడిగినందుననే ఆ సత్రపుగోడలు లేచినవి.

ప్రభుత్వము 1905 లో కైజర్-ఇ-హింద్ పతకమునిచ్చి ఆమెను గౌరవించెను. 1917 లో మరల ఆ గౌరవము ఆమెకు లభించెను. 1928 లో తన ఆస్పత్రి చరిత్రను ఒక గ్రంథముగా వ్రాసి ప్రకటించెను. వార్ధక్యమున రక్తహీనతవ్యాధి ఆమెను పీడించెను. స్వదేశమునకు పోయి శేషజీవితమును సుఖముగా గడుపుటకు ఆమెకు అవకాశము లేకపోలేదు. కాని 1930 జూలై 26 వ తేదీన, డెబ్బదినాలుగవ యేట, గుంటూరులోనే కన్నుమూసెను. ఇరువదియేడేండ్ల యువతిగా వచ్చిన ఆమె దాదాపు నలువదియేడేండ్లు మన ప్రజల నడుమ జీవించెను. తరువాత ఆ ఆస్పత్రి ఆమె పేరనే పిలువబడెను.

నేడు కాలము మారినది. 2022 లో బాపట్ల కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. మన ఆడపిల్లలు వైద్యవిద్య నభ్యసించి దేశదేశములకు పోవుచున్నారు. పరదేశములలోని అనాథాశ్రమములలో, వికలాంగులైన బాలుర నడుమ సేవచేయవలెనని ఉత్సహించు యువకులును కలరు. అట్టివారికి కుగ్లరు జీవితమునుండి నేర్వదగినది కలదు. ఆమె మొదట ఆ దేశపు భాష నేర్చెను. తనకిచ్చిన చిన్నపనిని కాదనలేదు. అవమానమునకు కోపింపలేదు. కొన్నినాళ్ళుండి పోవుటకు గాక, తన తరువాతను పని సాగునట్లు ఇతరులను సిద్ధపరచుటకు పాటుపడెను.

బాలబాలికలారా! సేవచేయుటకు మనము సముద్రములు దాటి పోనక్కరలేదు. మీ తరగతిలోనే కాలు సరిగా సాగని మిత్రుడుండవచ్చును, నల్లబల్లపై అక్షరములు కనబడని చెలి యుండవచ్చును. వారిని చూచి జాలిపడి ఊరకుండక, వారికేమి కావలెనో అడిగి తెలిసికొని చేయుడు. ఈసారి గుంటూరు పోయినప్పుడు కుగ్లరు ఆస్పత్రి ముందు ఒక్క నిమిషము నిలిచి, ఆ పేరుగల తల్లిని తలచుకొనుడు.