డయానా దాచుకున్న జబ్బు.. డాక్టర్ దగ్గరికి పంపింది మాత్రం ఓ స్నేహితురాలు

కోడూరు: ఆగస్టు 31 దగ్గరికొస్తే ప్రిన్సెస్ డయానా మళ్లీ టీవీల్లో కనిపిస్తుంది. పారిస్‌లో ఆ సొరంగం, నుజ్జయిన కారు, ఆమెతో పాటే చనిపోయిన డోడీ ఫాయెద్. ప్రతి ఏడాదీ ఇవే చూపిస్తారు. మన దివిసీమ పల్లెల్లో ఆమె దేశం పేరు సరిగ్గా చెప్పలేనివాళ్లు కూడా ఫోటో చూపిస్తే పేరు చెప్పేస్తారు. అంత తెలిసిన మనిషి ఏళ్ల తరబడి ఓ జబ్బును గదిలో తలుపేసుకుని దాచుకుందని, దానికి సరైన డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఏడేళ్లు పట్టిందని మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. చెప్పుకోవాల్సింది అదే.

ఆ జబ్బు పేరు బులీమియా. ఆపుకోలేకుండా ఒక్కసారిగా తినేయడం, తిన్నాక భయం, సిగ్గు, ఆ తిన్నదాన్ని వాంతి చేసుకోవడం. కొన్నాళ్లకి ఇది మనిషి చేతిలో ఉండదు. బక్కచిక్కిపోతే ఇంట్లో వాళ్లు గమనిస్తారు గానీ, బులీమియా ఉన్న మనిషి చాలాసార్లు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. అందరితో కూర్చుని భోజనం కూడా చేస్తుంది. అందుకే పక్కగదిలో ఉన్నవాళ్లకి కూడా తెలియదు. వైద్యంలో ఈ పేరు కూడా పాతదేం కాదు. 1979లో లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే మానసిక వైద్యుడు 30 మంది రోగుల వివరాలు రాసి ఈ పేరు పెట్టాడు. డయానా నిశ్చితార్థం 1981లో. అంటే పేరు పుట్టి రెండేళ్లే అయింది. చాలామంది డాక్టర్లు కూడా వినని రోజులవి.

డయానా 1961 జులై 1న ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో, పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టింది. ఆరేళ్ల వయసులో తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. తర్వాత తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నారు. పెద్దక్క సారా యుక్తవయసులో తిండి మానేసి చిక్కిపోయే జబ్బుతో బాధపడింది. దాన్ని అనొరెక్సియా అంటారు. అంటే ఆ ఇంటికి తిండి జబ్బు కొత్తేమీ కాదు. అయినా చెల్లెలి విషయంలో ఎవరూ పట్టుకోలేకపోయారు.

చదువులో ఆమె అంతంత మాత్రమే. లండన్‌లో చిన్నపిల్లల బడిలో ఆయాగా, టీచర్‌కి సాయంగా పనిచేస్తుండగా యువరాజు చార్లెస్‌తో సంబంధం కుదిరింది. 1981 ఫిబ్రవరి 24న నిశ్చితార్థం ప్రకటించారు. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాతి వారంలోనే జబ్బు మొదలైందని డయానా తర్వాత చెప్పుకుంది. కాబోయే భర్త ఆమె నడుం మీద చెయ్యి వేసి, కొంచెం ఒళ్లు చేసినట్టుందని అర్థం వచ్చేలా ఏదో అన్నాడట. ఒక్క మాటతో ఇంత జబ్బు వస్తుందా అంటే రాదు. చిన్నప్పటి ఒంటరితనం, కొత్త ఇంటి భయం, రోజూ గుమ్మం ముందు కెమెరాలు, అన్నీ కలిశాయి. కానీ అగ్గిపుల్ల లాంటి మాట అది. మన ఇళ్లలో నికా కుదిరిన పిల్ల ఒంటి గురించి దావత్‌లో చుట్టాలు నవ్వుతూ అనే మాటలు కూడా ఇలాంటివే. అన్నవాళ్లు మర్నాటికి మర్చిపోతారు.

పెళ్లి గౌను కుట్టింది డేవిడ్, ఎలిజబెత్ ఇమాన్యుయేల్ అనే దంపతులు. కొలత చూసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ గౌను వదులైపోయేది. వాళ్లు మళ్లీ మళ్లీ బిగించి కుట్టాల్సి వచ్చింది. పెళ్లి హడావిడి కదా, టెన్షన్‌తో తగ్గిందిలే అనుకున్నారు. పేపర్లవాళ్లయితే ఎంత నాజూగ్గా తయారైందోనని మెచ్చుకున్నారు. జబ్బు మొదటి లక్షణానికి దొరికింది చప్పట్లు. జులై 29న సెయింట్ పాల్స్ చర్చిలో జరిగిన ఆ పెళ్లిని ప్రపంచవ్యాప్తంగా 75 కోట్ల మంది టీవీల్లో చూశారని లెక్క.

పెళ్లయిన కొత్తలోనే పరిస్థితి ముదిరింది. దిగులు, ఏడుపు, నిద్ర లేకపోవడం చూసి డాక్టర్లను పిలిపించారు. వాళ్లు నెమ్మది పరిచే మాత్రలు ఇవ్వబోయారు. తనకి కావాల్సింది మాత్రలు కాదని ఆమెకి అనిపించింది గానీ, కావాల్సిందేమిటో చెప్పడం చేతకాలేదు. 1982 జూన్‌లో విలియం పుట్టాడు, 1984 సెప్టెంబర్‌లో హ్యారీ. కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన వాంతులు అందరికీ తెలుసు, అందరూ జాలిపడ్డారు. అంతకుముందు నుంచీ ఉన్న వాంతులు ఎవరికీ తెలియవు.

1986 మే నెలలో కెనడాలోని వాంకూవర్‌లో ఎక్స్‌పో చూస్తూ నలుగురిలో స్పృహ తప్పి పడిపోయింది. కొన్ని రోజులుగా ఆమె సరిగ్గా తినలేదు. ఎండ, నడక, అలసట అని సర్దిచెప్పుకున్నారు. పడిపోవాలనుకుంటే ఏదైనా గదిలోకి వెళ్లి పడిపోవచ్చు కదా అన్నట్టుగా భర్త విసుక్కున్నాడని డయానా తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం జరగాల్సిన కార్యక్రమానికి కూడా ఆమె హాజరైంది.

ఈ జబ్బు ఒంటిని ఎలా తింటుందో తెలిస్తే, ఆ పడిపోవడం ఎంత పెద్ద హెచ్చరికో అర్థమవుతుంది. మాటిమాటికీ వాంతులైతే నీటితో పాటు పొటాషియం తగ్గిపోతుంది. గుండె లయగా కొట్టుకోవడానికి పొటాషియం కావాలి. అది బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కడుపులోని ఆమ్లం పైకొచ్చి పళ్ల మీద గట్టి పొర కరిగిపోతుంది, చల్లటి నీళ్లు తగిలినా పళ్లు జివ్వుమంటాయి. చెవుల కింద, దవడ దగ్గర లాలాజల గ్రంథులు ఉబ్బి, ముఖం వాచినట్టు కనిపిస్తుంది. నెలసరి గాడి తప్పుతుంది. కళ్లు తిరగడం, నీరసం, మలబద్ధకం, గుండె దడ. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక్కో మందు ఇస్తారు. పంటికి పంటి డాక్టర్, దడకి గుండె డాక్టర్, కడుపుకి గ్యాస్ మాత్ర. స్కాన్ బాగానే ఉందంటారు. ఆ తర్వాత తాయెత్తు, దిష్టి. తిండి గురించి మాత్రం ఎవరూ అడగరు, అడిగినా పిల్ల చెప్పదు.

డయానా విషయంలో అడిగింది డాక్టర్ కాదు, స్నేహితురాలు. పెళ్లికి ముందు లండన్ ఫ్లాట్‌లో ఆమెతో కలిసి ఉన్న కరొలిన్ బార్తొలొమ్యూ. 1988 ప్రాంతంలో, ఒంట్లో ఖనిజాలు పడిపోతే నీరసం, దిగులు ఎలా ముదురుతాయో తెలుసుకుని ఆమె హడలిపోయింది. వెంటనే డయానాకి ఫోన్ చేసి గంట టైమిచ్చింది. ఈలోగా డాక్టర్‌కి చెప్పకపోతే ఈ సంగతంతా తానే బయటపెట్టేస్తానని బెదిరించింది. యువరాణిని అలా బెదిరించే చనువు, ధైర్యం ఆ ఒక్కదానికే ఉన్నాయి కాబోలు. స్నేహమంటే కొన్నిసార్లు ఇలా మొరటుగానే ఉంటుంది. డయానా డాక్టర్‌కి ఫోన్ చేసింది.

అక్కడి నుంచి ఆమె లండన్ గైస్ హాస్పిటల్‌లో పనిచేసే మానసిక వైద్యుడు మోరిస్ లిప్‌సెడ్జ్ దగ్గరికి చేరింది. ఆయన రాగానే డొంకతిరుగుడు లేకుండా, ప్రాణం తీసుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించిందో అడిగేశాడు. అంత సూటిగా అడగడంతో ఆమె కూడా సూటిగానే జవాబు చెప్పింది. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. తిన్నది కడుపులో నిలుపుకోగలిగితే ఆరు నెలల్లో కొత్త మనిషివవుతావని ధైర్యం చెప్పాడు. వారం వారం వచ్చి మాట్లాడాడు, జబ్బు గురించి పుస్తకాలు ఇచ్చాడు. అవి చదువుతుంటే, ఇది తనొక్కదానికే ఉన్న పాడు అలవాటు కాదని, పేరున్న జబ్బని, ఇంకెంతోమంది పడుతున్నారని ఆమెకి తెలిసింది. సగం బరువు అక్కడే దిగింది. ఆరు నెలలు తిరిగేసరికి వాంతులు బాగా తగ్గాయి. ఒక్కసారిగా పోలేదు. అత్తగారి కోటలకి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా మళ్లీ తిరగబెట్టేది.

ఇప్పుడు కూడా వైద్యం దారి దాదాపు అదే. ముందు రక్తంలో పొటాషియం, సోడియం చూస్తారు, ఈసీజీ తీస్తారు. వేళకి కొంచెం కొంచెం తినడం అలవాటు చేస్తారు. ఆ భయాన్ని మాటలతో విడగొట్టే కౌన్సెలింగ్ ఉంటుంది, అవసరమైతే మందులూ రాస్తారు. వాంతయిన వెంటనే బ్రష్ చేస్తే పళ్లు ఇంకా అరుగుతాయి, నీళ్లతో పుక్కిలించి ఊరుకోమని పంటి డాక్టర్లు చెబుతారు. కోడూరు వాళ్లయితే అవనిగడ్డ ఆసుపత్రిలో మామూలు ఫిజీషియన్‌తోనే మొదలుపెట్టొచ్చు, అక్కడి నుంచి మచిలీపట్నమో విజయవాడో రాయించుకోవచ్చు. వాంతులు వాటంతట అవి వస్తున్నాయా, తెప్పించుకుంటున్నారా అన్నది డాక్టర్‌కి చెప్పకపోతే మాత్రం మళ్లీ గ్యాస్ మాత్రే. ముఖం చూసి చెప్పలేనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

1992 ఫిబ్రవరిలో డయానా భారత్ వచ్చింది. తాజ్‌మహల్ ముందు ఒంటరిగా కూర్చున్న ఫోటో ఆ పర్యటనలోదే. హైదరాబాద్ కూడా వచ్చింది. ఆమెని చూడ్డానికి వచ్చినవాళ్లకి కనిపించింది నవ్వు ముఖమే. నాలుగు నెలలు తిరగకుండానే, జూన్‌లో ఆండ్రూ మోర్టన్ రాసిన పుస్తకంతో బులీమియా సంగతి ప్రపంచమంతా తెలిసిపోయింది. ఆమే రహస్యంగా టేపుల్లో మాట్లాడి పంపిన విషయాలవి అని చాలాకాలం ఎవరికీ తెలియదు. ఆ డిసెంబర్‌లో భార్యాభర్తలు విడిపోతున్నట్టు బ్రిటన్ పార్లమెంట్‌లో ప్రకటించారు.

1993 ఏప్రిల్‌లో లండన్‌లో తిండి జబ్బుల మీద జరిగిన సదస్సులో ఆమె స్వయంగా ప్రసంగించింది. 1995 నవంబర్‌లో బీబీసీ పనోరమా ఇంటర్వ్యూలో, అది తన సొంత జబ్బని, ఏళ్ల తరబడి ఉందని తన నోటితోనే ఒప్పుకుంది. బ్రిటన్‌లో రెండు కోట్ల మందికి పైగా ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నారు. ఆ ఇంటర్వ్యూ సంపాదించడానికి విలేకరి దొంగ కాగితాలు చూపించాడని 2021లో విచారణలో తేలింది. అది వేరే సిగ్గుచేటు కథ. బులీమియా గురించి ఆమె చెప్పిన మాటలు మాత్రం అంతకుముందు పుస్తకంలో వచ్చినవే.

1996 ఆగస్టులో విడాకులు, 1997 ఆగస్టు 31న పారిస్‌లో మరణం. అప్పటికి ఆమెకి 36 ఏళ్లు.

బ్రిటన్‌లో కుటుంబ డాక్టర్ల రికార్డులు తిరగేసి 2005లో పరిశోధకులు ఓ లెక్క ప్రచురించారు. 1990ల మొదట్లో బులీమియా అని నమోదైన కేసులు వేగంగా పెరిగాయి. 1996లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నాయి. ఆమె పోయాక తగ్గుతూ వచ్చాయి. అన్నేళ్లలో జబ్బు నిజంగా అంత పెరిగి, అంతలోనే తగ్గిపోయి ఉండకపోవచ్చని వాళ్ల అభిప్రాయం. డయానా నోరు విప్పడం చూసి, అప్పటిదాకా ఏళ్ల తరబడి దాచుకున్న ఆడవాళ్లు మొదటిసారి డాక్టర్ గడప తొక్కి ఉంటారని వాళ్లు రాశారు.