సూరత్ డాక్టరమ్మ రుఖ్మాబాయి

మన సంచికలో ప్రతి ఏడూ యుద్ధవీరుల గురించి చదువుకుంటున్నాం. ఈసారి తుపాకీ పట్టని ఒకావిడ గురించి రాయాలనిపించింది. ఎందుకనిపించిందో ముందు చెప్పి తర్వాత ఆమె కథలోకి వెళ్తాను.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా పెన్షన్ వచ్చాక సూరత్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ లింబాయత్ వైపు వెళ్తే సగం మాటలు తెలుగే వినపడతాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు సాంచాలు నడుపుకుని బతుకుతున్నాయి. మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు మీడియం బళ్ళు కూడా ఉన్నాయి. అలాంటి బడిలో మొదలుపెట్టి, తర్వాత గుజరాతీ మీడియంలో సైన్సు చదివి, మా ఎదురింటి అమ్మాయి బి.ఎస్సి. నర్సింగ్ సీటు తెచ్చుకుంది. ఇంట్లో పండగ చేసుకోవాలి గదా! చేసుకోలేదు. సరిగ్గా ఆ వారమే ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తరపు వాళ్ళు చదువు మానిపిస్తేనే చేసుకుంటామన్నారు. తండ్రి రాత్రి షిఫ్టు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, సుబేదార్ సాబ్, ఏం చేయమంటారని కూర్చున్నాడు.

సలహా చెప్పడానికి నేనెవరిని? అందుకని ఇదే ఊళ్ళో ఇరవై రెండేళ్ళు పనిచేసిన డాక్టర్ రుఖ్మాబాయి కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆమె నర్సు కాదు, డాక్టరు. కానీ ఆడపిల్ల ఆసుపత్రి చదువుకు వెళ్ళడానికి ఎన్ని గుమ్మాలు దాటాలో ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది.

రుఖ్మాబాయి 1864 నవంబరు 22న బొంబాయిలో పుట్టింది. వాళ్ళది వడ్రంగి కులం. తల్లి జయంతీబాయికి పద్నాలుగో ఏట పెళ్ళి, పదిహేనో ఏట ఈ బిడ్డ, పదిహేడో ఏట వైధవ్యం. ఆ కులంలో విధవలు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు గనుక, కొన్నేళ్ళకు జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్ గారిని పెళ్ళి చేసుకుంది. ఆయన పేరున్న వైద్యుడు, మొక్కల శాస్త్రం బాగా తెలిసినవాడు. రెండో పెళ్ళికి ముందు తల్లి తనకున్న ఆస్తిని కూతురి పేర రాసింది.

పిల్లకు పదకొండో ఏట దాదాజీ భికాజీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడితో పెళ్ళి చేశారు. ఒప్పందం ఏమిటంటే అతను ఇల్లరికం ఉండాలి, చదువుకుని ప్రయోజకుడు కావాలి. అతను చదువు వదిలేశాడు, ఇల్లు వదిలి మేనమామ దగ్గరకు పోయాడు. రుఖ్మాబాయి బడి పెళ్ళితోనే ఆగిపోయింది. చదువు మాత్రం ఆగలేదు. సవతి తండ్రి ప్రోత్సాహంతో మిషన్ లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకుని ఇంట్లోనే చదివింది. ఇంగ్లీషు అలాగే పట్టుబడింది. కాలేజీ గుమ్మం చూడకముందే ఆమె తయారీ మొదలైందన్నమాట.

1884లో దాదాజీ భార్యను తన ఇంటికి పంపమన్నాడు. ఆమె రానంది. ఊహ తెలియని వయసులో, తన ఇష్టం అడక్కుండా చేసిన పెళ్ళికి తాను కట్టుబడనని ఆమె వాదన. అతను బొంబాయి హైకోర్టులో కేసు వేశాడు. 1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్హే ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పాడు. ఇష్టం లేని స్త్రీని బలవంతంగా కాపురానికి పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. కానీ అదే ఏడాది సఖారాం గారు చనిపోయారు. ఇంటికి అండగా ఉన్న మనిషే పోయాడు. ఆ తర్వాత అప్పీలు, మళ్ళీ విచారణ. 1887 మార్చి 4న జస్టిస్ ఫరాన్ నెలరోజుల్లో భర్త ఇంటికి వెళ్ళాలనీ, లేకపోతే ఆరు నెలలు జైలనీ తేల్చాడు. ఇరవై రెండేళ్ళ రుఖ్మాబాయి జైలుకైనా వెళ్తాను గానీ ఆ ఇంటికి వెళ్ళనని ఖాయంగా చెప్పింది.

ఈ కేసు దేశమంతా రెండుగా చీల్చింది. తిలక్ వంటి పెద్దలే ఆమెను తప్పుపట్టారు. ఆమె మాత్రం 1885లోనే తన పేరు పెట్టకుండా, ఒక హిందూ స్త్రీనని మాత్రమే చెప్పుకుని టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు బాల్యవివాహాల మీద ఉత్తరాలు రాసింది. ఆమె పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్ళలో బెహ్రాంజీ మలబారీ ఒకరు. ఈయన పార్సీ పత్రికా సంపాదకుడు, పెరిగింది మన సూరత్‌లోనే. బాల్యవివాహాల మీద 1884లోనే దేశవ్యాప్తంగా చర్చ లేవదీసింది ఆయనే. నర్సింగ్ చదివే ప్రతి పిల్లా మొదటి రోజే వినే ఫ్లారెన్స్ నైటింగేల్ గారు 1892లో వచ్చిన మలబారీ జీవితచరిత్రకు పీఠిక రాశారు. మన ఆడపిల్లల గోడు ఇంగ్లండులో ఆవిడ దాకా చేరిందంటే ఈ గొడవ ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

చివరికి జైలు తప్పింది. 1888లో రాజీ కుదిరి, దాదాజీ రెండు వేల రూపాయలు తీసుకుని తన హక్కు వదులుకున్నాడు. మరో మూడేళ్ళకు, 1891లో, ప్రభుత్వం చట్టం తెచ్చి ఆడపిల్ల సమ్మతి వయసును పదేళ్ళ నుంచి పన్నెండుకు పెంచింది. ఈ రోజు పన్నెండు అంటే మనకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో ఆ రెండేళ్ళ కోసమే అంత పోరాటం.

1888 అంటే మన సర్వీసుకు సంబంధించి ఇంకో సంగతి. ఇండియాలోని సైనిక ఆసుపత్రుల కోసం ఇంగ్లండు నుంచి శిక్షణ పొందిన పదిమంది నర్సులు బొంబాయిలో దిగింది ఆ ఏడాదే. ఈనాటి మిలిటరీ నర్సింగ్ సర్వీసుకు వేరు అదే.

కేసు వదిలింది, ఇప్పుడేం చేయాలి? బొంబాయిలోని కామా ఆసుపత్రి పెద్ద డాక్టరు ఎడిత్ పీచీ ఆమెకు దారి చూపింది. ఆ పీచీ గారు కూడా తక్కువ మనిషి కాదు. 1869లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో వైద్యం చదవడానికి చేరి, మగవాళ్ళు అడ్డుకుంటే ఎదురు నిలిచిన ఏడుగురు ఆడవాళ్ళలో ఒకరు. గుమ్మం దగ్గర ఆపితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి గనుక, రుఖ్మాబాయి చదువుకు చందాలు పోగుచేయడంలో ముందు నిలిచింది. 1889లో రుఖ్మాబాయి ఓడ ఎక్కింది. అప్పటికామెకు ఇరవై నాలుగేళ్ళు.

చేరింది లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్. ఆడవాళ్ళ కోసం 1874లో పెట్టిన కాలేజీ అది. రోగుల దగ్గర పని నేర్పేది రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో. పదకొండేళ్ళకు బడి వదిలి, ఆ తర్వాత ఇంట్లో చదువుకున్న పిల్ల, పరాయి దేశంలో, పరాయి భాషలో శరీరశాస్త్రం, రసాయనశాస్త్రం మొదటినుంచీ నేర్చుకోవాలి. మనలో మొదటిసారి సెంటర్‌లో అడుగుపెట్టిన రంగరూట్‌కి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మనకు పక్కన పదిమంది జోడీదార్లయినా ఉంటారు. ఆమె ఐదేళ్ళు చదివి, స్కాట్లాండు వైద్య కళాశాలల లైసెన్సు పరీక్షలు పాసై, 1894లో బ్రస్సెల్స్ నుంచి ఎం.డి. పట్టా కూడా పుచ్చుకుంది. లండన్ కాలేజీ ఆడవాళ్ళకు ఎం.డి. ఇవ్వదు గనుక బ్రస్సెల్స్ దాకా పోయింది. ఒక గేటు మూసి ఉంటే ఇంకో గేటు వెతుక్కోవడం అంటే ఇదే.

1895లో సూరత్ వచ్చి ఆడవాళ్ళ ఆసుపత్రి బాధ్యత తీసుకుంది. పట్టా చేతిలో ఉంటే జనం వస్తారనుకుంటాం. రాలేదు. కాన్పు అంటే ఇంట్లో మంత్రసాని చేతి మీద కావలసిందే, ఆసుపత్రికి వెళ్తే ప్రాణం పోతుందని ఆడవాళ్ళ భయం. దీని గురించి ఒక ముచ్చట చెబుతారు. ఆమె ఒక చూలు మేకను ఆసుపత్రిలోకి తెప్పించి అక్కడే ఈనేటట్టు చూసిందట. తల్లీ పిల్లా క్షేమంగా ఉండడం చూసి ఆడవాళ్ళకు కొంత ధైర్యం వచ్చిందట. నాకు ఆ కథ నచ్చడానికి కారణం ఉంది. మొదటిసారి వార్డులోకి వెళ్ళినప్పుడు రోగికి మన సర్టిఫికెట్ కనపడదు, మన చెయ్యి కనపడుతుంది. ఆ చేతిని నమ్మితేనే సూది వేయించుకుంటాడు.

ఆమె సూరత్ వచ్చిన మరుసటి ఏడాదే, 1896లో, బొంబాయిలో ప్లేగు మొదలై గుజరాత్‌కు పాకింది. 1899–1900లో భయంకరమైన కరువు. అంతటి రోజుల్లోనూ ఆమె ఉద్యోగం ఈ ఊళ్ళోనే. 1904లో దాదాజీ చనిపోయాడని తెలిసి తెల్లచీర కట్టుకుంది. కాపురానికి వెళ్ళని మనిషి కోసం ఎందుకు కట్టిందని చాలామంది వాదిస్తారు. ఆమె మళ్ళీ పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

1918 నాటికి ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో చేరమని పిలుపు వచ్చింది. కాదని రాజ్‌కోట్ సంస్థానంలోని జనానా ఆసుపత్రికి వెళ్ళి, 1929లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. అక్కడ రెడ్‌క్రాస్ సంఘాన్ని స్థాపించింది. విశ్రాంతిలో కూడా పరదా పద్ధతి పోవాలని చిన్న పుస్తకం రాసింది. 1955 సెప్టెంబరు 25న తొంభయ్యో ఏట కన్నుమూసింది.

ఇదీ ఆమె జీవితం. ఇక మా ఎదురింటి విషయానికి వస్తాను. తండ్రి అంతా విని ఏమీ అనకుండా లేచి వెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత సంబంధం వాళ్ళకు నాలుగేళ్ళు ఆగుతారా అని కబురు చేశాడు. వాళ్ళు ఆగమన్నారు. అయితే సరే అన్నాడు. ఆ మాట అనడానికి అతనికెంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు, వాళ్ళ అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో ఏడుస్తోంది.

పిల్ల భయాలు వేరే. ఇంగ్లీషు రాదని ఒకటి, ఎముకల పేర్లు నోరు తిరగవని ఒకటి. ఇప్పుడు నర్సింగ్ చదువు ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు, అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్ ఉంటాయి. ఇంగ్లీషు రాదని భయపడే పిల్లల కోసమే ఇంగ్లీషును పాఠంగా పెట్టారు గదా అని ధైర్యం చెప్పాను. లక్నోలో నేను 206 ఎముకలు నేర్చుకున్న పద్ధతే చెప్పాను: పుస్తకం మూసి, మన చెయ్యి మనమే తడుముకుంటూ భుజం నుంచి వేలికొస దాకా ఒక్కో పేరు పైకి చెప్పుకోవాలి. రోజుకు పది చాలు. సెలవుల్లోనే మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరవడం, చేతులు గోళ్ళ సందుల దాకా కడుక్కోవడం, ఇంట్లో వాళ్ళ నాడి లెక్కపెట్టడం అలవాటు చేసుకోమన్నాను. హెపటైటిస్-బి టీకా డోసుల సంగతి డాక్టరును అడిగి ముందే మొదలుపెట్టమన్నాను.

మన సర్వీసు కుటుంబాల్లోనూ ఆడపిల్లలున్నారు. మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఆరు కాలేజీల్లో ఏటా 220 సీట్లకు అమ్మాయిలను తీసుకుంటోంది. 2022 నుంచి దానికి నీట్ రాయాలి. చదువు పూర్తయితే లెఫ్టినెంటు. తండ్రి సుబేదారైనా కూతురికి సెల్యూట్ కొట్టే రోజు అది. అలాంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే దరఖాస్తు పెట్టించండి. సంబంధాలు మళ్ళీ వస్తాయి.

కాలేజీలో చేరే రోజు పొద్దున ఆ అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి అంకుల్ వెళ్ళొస్తానంది. నా దగ్గర సెకన్ల ముల్లున్న పాత హెచ్.ఎం.టి. వాచీ ఉంది. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో నాడి చూడడానికి వాడింది. అది ఇచ్చాను. వెంటనే నా మణికట్టు పట్టుకుని, పెదాలు కదుపుతూ నిమిషం పాటు లెక్కపెట్టింది. డెబ్బై ఆరు అంది. సరిగానే లెక్కపెట్టింది.

జై హింద్.