యావదాస్తిని సమాజానికి రాసిచ్చిన పంతులుగారు

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు చెప్పగానే వితంతు వివాహాలు గుర్తుకొస్తాయి. పెళ్ళిళ్ళు చేయించారన్న సంగతి అందరికీ తెలిసిందే. తాను పోయాక కూడా తాను పెట్టిన సంస్థలు నిలవాలని ఆయన చేసిన ఏర్పాటు గురించి మాత్రం చాలామందికి తెలియదు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రిని పోగొట్టుకుని పెదతండ్రిగారి చేతుల్లో పెరిగారు. చదువయ్యాక కోరంగి, ధవళేశ్వరం బడుల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ అనే బాలవితంతువు. ఊరు భగ్గుమంది. పంతులుగారిని వెలివేశారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఇంటికి రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, అందరికీ వండిపెట్టారు.

పెళ్ళితోనే పని తీరిపోలేదు. బంధువులు కాదన్న జంటకు తలదాచుకోను ఇల్లు కావాలి, తినడానికి గింజలు కావాలి, ఏదైనా ఉద్యోగం కావాలి. పెళ్ళి కుదరని వితంతువులకు నీడ చూపాలి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ఈ పనికి పెద్ద మొత్తాలే ఇచ్చారు. మిగిలిన ఖర్చుకు పంతులుగారు తన జీతమూ, పుస్తకాల మీద వచ్చిన డబ్బూ పెట్టారు. అయితే ఒక దాత చేతి మీదుగా, ఒక పెద్దమనిషి పలుకుబడి మీద నడిచే ధర్మానికి ఒక ఇబ్బంది ఉంది. ఆ మనిషి కన్నుమూస్తే శరణాలయంలో పొయ్యి వెలగదు, బడిలో గంట మోగదు.

పంతులుగారికి సంతానం లేదు. ఉన్న ఆస్తి జ్ఞాతుల పాలు కావచ్చు, తగాదాల్లో కరిగిపోనూవచ్చు. అందుకని 1906లో ఆయన రాజమండ్రిలో హితకారిణీ సమాజాన్ని స్థాపించారు. బతికుండగానే తన యావదాస్తినీ ఆ సమాజానికి రాసిచ్చారు. వితంతు శరణాలయం, బడి ఇలా ఆయన పెంచిన పనులన్నీ ఆ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి.

ఇందులో ఉన్న కిటుకు మన పల్లెల్లోనూ అర్థం చేసుకోదగ్గది. ఆస్తి ఒక మనిషి పేర కాక సమాజం పేర ఉంటుంది. వారసులు పంచుకోవడానికి వీల్లేదు. మూలధనం కదలకుండా ఉంటే, దాని మీద వచ్చే రాబడితో అవసరాన్ని బట్టి బడికి కొంత, శరణాలయానికి కొంత అందించవచ్చు. ఒక సభ్యుడు పోతే ఇంకొకరు వస్తారు, పని ఆగదు. ఏ సంస్థకు ఆ సంస్థ విడిగా చందాల కోసం ఇల్లిల్లూ తిరగనక్కరలేదు.

రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పోయారు. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. సమాజం మాత్రం నిలిచింది. తర్వాతి కాలంలో రాజమండ్రిలో ఆ దంపతులిద్దరి పేర్లమీదా దాని ఆధ్వర్యంలోనే కళాశాలలు వెలిశాయి. అప్పట్లో ఆడపిల్లకు అక్షరాలు నేర్పడమే తప్పన్న ఊళ్ళో, నీళ్ళ బిందె మోసిన ఆ ఇల్లాలి పేర మహిళా కళాశాల నడవడం చిన్న సంగతి కాదు.

మన ఊళ్ళలోనూ బడికి స్థలమిచ్చినవాళ్ళు, సత్రం కట్టించినవాళ్ళు ఉన్నారు. తరం మారేసరికి వాటిలో కొన్ని పాడుపడ్డాయి, కొన్ని ఆక్రమణల పాలయ్యాయి. ఇచ్చే చేయి ఒక్కటే చాలదు. ఇచ్చినదాన్ని కాగితం మీద పెట్టాలి, నలుగురి చేతిలో ఉంచాలి, ఏటా లెక్క అడగాలి. పంతులుగారు రాసిచ్చిన ఆస్తికైనా కాపలా ఆ ఊరివాళ్ళే.