మూడోసారి గట్టెక్కిన సుబ్బారావు

పదో తరగతి లెక్కల్లో తప్పి కమ్మర్‌పల్లి బస్టాండులో కూర్చున్న నాకు మన సారొకరు యల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగాడని సర్జరీ ప్రొఫెసరుకు కోపం. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. మాస్టారి మనసు మార్కుల్ని ఎంత దూరం లాగుతుందో చూడండి! అదే మనిషికి హార్వర్డులో ఫిస్కే దొరికాడు. భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ఇద్దరి పేర్లతో వెలువడింది. తర్వాత లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ ఆయన బృందం పనే. 1948లో కన్నుమూశారు. మన జిల్లాలో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర కూడా అక్కడిదే.

సప్లిమెంటరీ దాకా రోజూ సాయంత్రం ఆ సారు తన అరుగు మీదే నాకు లెక్కలు చెప్పారు. ఫీజు అడగలేదు.