ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు – రామదండు

మన మహాసభలకు ప్రతివత్సరమును యువకులు వాలంటీర్లుగా వచ్చుచున్నారు. అతిథులకు దారి చూపుదురు, పంక్తులలో వడ్డింతురు, పందిరి విప్పుటతోడనే వారి సేవయు ముగియుచున్నది. సేవ మూడునాళ్ళ వేడుక కాదని తెలిపెడి మహనీయుని చరిత్రము మన యాంధ్రదేశముననే కలదు గావున, దానిని సంగ్రహముగా విన్నవించుచున్నాము.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీని కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తల్లిదండ్రులను గోలుపోయి, బంధువుల పోషణమున పెరిగిరి. పిదప సముద్రము దాటి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును బడసిరి. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో గూడి ఆంగ్లీకరింపగా, ఆ గ్రంథము 1917లో వెలువడెను. స్వదేశమునకు మరలి కొంతకాలము అధ్యాపకులై యుండిరి. అంతటి విద్వాంసునకు సుఖజీవనము కరతలామలకమే. అయినను వారు దానిని తృణప్రాయముగ నెంచి, ప్రజాసేవకు దిగిరి.

చీరాల, పేరాల గ్రామములలో నేతపనివారు మొదలగు సామాన్యజనులు పెక్కుండ్రు. అచ్చట మునిసిపాలిటి నేర్పఱచుటచే, సాలునకు సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయల వఱకు పెరిగెను. ప్రజలు మొఱపెట్టుకొన్నను ఫలము లేకపోయెను. అప్పుడు గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులైరి. ఆపద వచ్చిన పిదప మనుష్యులను వెదకుట తగదని యెంచి, రామదండు అను స్వయంసేవక దళమును గూర్చిరి. ఆ దండులో సుమారు వేయిమంది యుండిరి. కాషాయవస్త్రమును, రుద్రాక్షమాలయు, నుదుట సిందూరమును వారి గుఱుతులు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు, ఆ జనసముద్రమును క్రమమున నిలిపినది ఈ దండే.

ఆ వేసవియందే చీరాల పేరాల ప్రజలు పన్ను చెల్లింపనొల్లక, మహాత్ముడు సూచించిన మార్గమున ఇండ్లు వాకిళ్ళు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని వసించిరి. వెడలినవారు 13,000లకు పైబడిరి. ఆ వాసమునకు రామనగరమని పేరు. ఎండకును వానకును ఓర్చి సుమారు 11 నెలలు వారచ్చట నిలిచిరి. అచ్చట శాంతిభద్రతలు రామదండువారే కాపాడిరి. రామనగర పోషణమునకు ధనము కావలసి గోపాలకృష్ణయ్యగారు సంచారము చేయుచు, బరంపురమున నిషేధాజ్ఞను మీఱి ఉపన్యసించినందున ఒక సంవత్సరము కారాగారశిక్ష ననుభవించిరి. నాయకుడు చెఱలో నుండగా జనులు క్రమముగా పాత యిండ్లకు మరలిరి. 1928 జూన్ 10వ తేదీని, 39 ఏండ్లు నిండిన కొలది దినములకే, క్షయరోగముచే వారు పరమపదించిరి.

కోరిన ఫలము చేకూరలేదు గదా, ఆ శ్రమ వ్యర్థము కాదా యని కొంద ఱడుగవచ్చును. కాదని మా నిశ్చయము. అన్ని వేలమంది అన్ని నెలలు పాకలలో నుండియు చెదరక నిలుచుట, ముందుగా శిక్షితులైన సేవకులుండుటచేతనే సాధ్యమయ్యెను. జయాపజయములు కాలాధీనములు; సిద్ధముగా నుండుట మాత్రము మన యధీనము.

ఇందు తప్పు యువకులది మాత్రమే కాదు. మేము బడిలో ఎన్నియో యేండ్లు పరోపకారమును గూర్చిన శ్లోకములు వల్లెవేయించితిమి. ఒక్కనాడైనను పిల్లలను వెంటబెట్టుకొని దిక్కులేని రోగి యింటికి పోయి యెఱుగము. పెద్దలము బ్యాడ్జీ లిచ్చితిమి గాని పని చూపలేదు.

యువకులారా! ఈ సభ ముగిసిన పిదప ఊరికి పదుగురు చొప్పున కూడుకొనుడు. నెలకు రెండు దినములు నియమించుకొనుడు. చదువు వెనుకబడిన బాలునకు పాఠము చెప్పుడు. వృద్ధులను ఆసుపత్రికి తోడ్కొనిపొండు. చెఱువుగట్టు తెగిన దినమున ముందు నిలువుడు. సాయము కోరినవాని కులమడుగకుడు. రాబోవు మహాసభలో మీ రొమ్ముననున్న బ్యాడ్జీని గాక, మీరు చేసిన పనిని చూడవలెనని మా కోరిక.