ఆక్స్‌ఫర్డులో తెలుగు ఆచార్యుడు

విద్య నేర్చుకోవడానికి దేశాంతరం వెళ్లడం ఒక ఎత్తు. విద్య నేర్పడానికి వెళ్లడం మరొక ఎత్తు. నేర్చుకోవడానికి వెళ్లేవాడు వట్టి చేతులతో వెళ్లినా తప్పులేదు. నేర్పడానికి వెళ్లేవాడు తనదంటూ ఒకటి వెంట తీసుకొనిపోవాలి. దానిని పరాయి నేలపై నిలుపుకోవడం అంత సులభం కాదు. ఒకనాడు సింహళ భిక్షువులు కృష్ణాతీరంలోని శ్రీపర్వత విహారాలలో నివసించినట్లు నాగార్జునకొండ శాసనాలు తెలుపుతున్నాయి. ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రవాహం దిశ మార్చుకొన్నది. విద్య పడమటి నుండి తూర్పునకు రావలసినదే అన్న భావం మన విద్యావంతులలో సైతం వేళ్లూనుకొన్నది. ఆ భావాన్ని ఆంగ్లేయుల విద్యాపీఠంలోనే నిలిచి సవరించిన తెలుగు ఆచార్యులు సర్వేపల్లి రాధాకృష్ణన్.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5వ తేదీన, నేటి తమిళనాడులోని తిరుత్తణిలో, ఒక సామాన్య తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి వీరాస్వామి చిన్న ఉద్యోగి, తల్లి సీతమ్మ. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామాన్ని గుర్తుచేస్తుంది. తిరుత్తణి, తిరుపతి, వేలూరులలో విద్యాభ్యాసం సాగించి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఉపకార వేతనాలే ఆయన చదువుకు ఆధారం. తత్త్వశాస్త్రం ఆయన కోరి ఎన్నుకొన్నది కాదు. ఆ శాస్త్రంలో పట్టభద్రుడైన ఒక బంధువు తన పుస్తకాలను ఇవ్వడంతో, కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఆ యువకుడు ఆ మార్గంలో అడుగుపెట్టాడు. పేదరికం చూపిన దారియే ఆయనకు రాజమార్గమైనది.

ఆ కళాశాలలో ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. అది ప్రశ్నపత్రంలో లేని పరీక్ష. హిందూ తత్త్వచింతనలో నీతికి తావు లేదనీ, జగత్తు మిథ్య అన్నవాడికి సత్ప్రవర్తనతో పనిలేదనీ క్రైస్తవ ఉపాధ్యాయులు విమర్శించేవారు. ఇంట్లో చూసిన భక్తికి, తరగతిలో విన్న విమర్శకు మధ్య ఆ విద్యార్థి మనస్సు కలతచెందింది. ఆయన ఆ మాటలను విని ఊరుకోలేదు. ఆవేశంతో ఎదురు తిరగలేదు. మూలగ్రంథాలను ఆశ్రయించారు. 1908లో వేదాంతంలోని నీతిని గూర్చి సిద్ధాంతవ్యాసం రచించారు. దానిని పరీక్షించిన ఆచార్య ఏ.జి. హాగ్ క్రైస్తవ ధర్మప్రచారకుడై ఉండీ మెచ్చుకొన్నారు. ప్రతిపక్షాన్ని తెలుసుకొని, స్వపక్షాన్ని ప్రమాణాలతో నిలపడమే ఆయన జీవితమంతా సాగించిన పద్ధతి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన అధ్యాపక జీవితం ఆరంభమైనది. ఆ రోజులలో ఉన్నత విద్యకై ఆక్స్‌ఫర్డుకు వెళ్లమని కొందరు హితవు చెప్పగా, అక్కడికి వెళితే బోధించడానికే వెళతాను గాని చదువుకోవడానికి కాదని ఆయన బదులిచ్చినట్లు చెప్పుకొంటారు. అప్పటికి అది యువకుని అతిశయంగానే తోచి ఉంటుంది. పిమ్మట రాజమహేంద్రవరంలో పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులుగా వెళ్లారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలుపు రాగా, మైసూరు విద్యార్థులు ఆయనను కూర్చోబెట్టిన బండిని గుర్రాలతో గాక తామే లాగి రైలుస్టేషనుకు చేర్చారు. 1923లో, 1927లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆయన భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర విదేశీ పండితుల దృష్టిని ఆకర్షించింది.

1926లో ఆయన తొలిసారి సముద్రం దాటారు. ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టరు కళాశాలలో హిందూ జీవన దృక్పథాన్ని గూర్చి ఉపన్యసించారు. ఆ ఉపన్యాసాలు మరుసటి ఏడే గ్రంథరూపం దాల్చాయి. ఆ యాత్రలోనే అమెరికా వెళ్లి, హార్వర్డులో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలో పాల్గొన్నారు.

ఆ విదేశయాత్రకూ, మరల ఆక్స్‌ఫర్డు పిలుపునకూ నడుమ ఆయన నంద్యాలకు వచ్చారు. నల్లమల కొండల పడమటి దిక్కున, గుంటూరు గుంతకల్లు రైలుమార్గంపై ఉన్న పట్టణం నంద్యాల. దానికి దక్షిణంగా ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డకు ఆవల అహోబిల క్షేత్రం ఉన్నాయి. ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణంలో కీర్తించిన క్షేత్రమది. 1928 నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభకు రాధాకృష్ణన్ అధ్యక్షత వహించారు. ఆ సందర్భంలోనే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సమావేశం జరిగింది. 1800లో నిజాము ఆంగ్లేయుల కంపెనీకి ధారాదత్తం చేసినందున ఈ సీమకు దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. ఒకరు ఇవ్వగా మరొకరు పుచ్చుకొన్న వస్తువును సూచించే ఆ పేరు ఇక్కడి ప్రజలకు అవమానకరంగా తోచింది. విజయనగర రాయలు ఏలిన సీమ కనుక రాయలసీమ అనడమే తగునని చిలుకూరి నారాయణరావు సూచించగా, సభ దానిని ఆమోదించింది. పరులు పెట్టిన పేరును విడిచి ఒక సీమ తన పేరును తాను చెప్పుకొన్న రోజులవి. భారతీయ చింతనకు పరులు పెట్టిన పేర్లను తొలగించి, దానిని దాని మాటలలోనే పరిచయం చేయడం రాధాకృష్ణన్ చేపట్టిన పని. ఆ రెండు పనులూ ఆత్మగౌరవమనే ఒకే మూలం నుండి పుట్టినవి.

మరుసటి ఏడు, 1929లో, మాంచెస్టరు కళాశాల ఆయనను బోధనకు ఆహ్వానించింది. అక్కడి నుండి ఆక్స్‌ఫర్డు విద్యార్థులకు తులనాత్మక మతాధ్యయనం బోధించారు. కళాశాల ప్రార్థనాలయంలో క్రైస్తవ శ్రోతల ఎదుట ధర్మప్రసంగం చేశారు. ఆదర్శవాద దృష్టిని గూర్చి హిబ్బర్ట్ ఉపన్యాసాలు ఇచ్చారు. కాగితం చేతబట్టకుండా ధారాళంగా ప్రసంగించడం ఆయనకు అలవాటు.

ఇక్కడ భారతంలోని ఒక ఘట్టం జ్ఞప్తికి వస్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరివరకు నడచినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి స్వర్గానికి రమ్మన్నప్పుడు ధర్మరాజు అంగీకరించలేదు. నమ్మి వెంట వచ్చినదానిని వదలి పొందే స్వర్గం ఆయనకు అక్కరలేదు. ఆ కుక్కయే యమధర్మరాజని పిమ్మట తెలిసింది. తిక్కన తెలుగులో ఈ కథ మనకు చిరపరిచితమే. విదేశాలకు వెళ్లే ప్రతివారికీ ఇటువంటి పరీక్ష ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. పుట్టిన నాటినుండి వెంట వచ్చినదానిని గుమ్మం బయట వదలి రమ్మని కొత్త లోకం మెల్లగా ఒత్తిడి చేస్తుంది.

రాధాకృష్ణన్ దానిని వదలలేదు. తెల్లని తలపాగా, పొడవైన కోటు ఆయన వేషం. శాకాహారం ఆయన నియమం. మద్యం ముట్టలేదు. అయితే వేషభాషలను నిలుపుకోవడమే ఆయన గొప్ప అనుకోరాదు. వేషాన్ని నిలుపుకొని ఆలోచనను అప్పగించినవారూ ఉంటారు. ఆయన శంకరుని, ఉపనిషత్తులను వెంట తీసుకొనిపోయి, ప్లేటో, ప్లోటినస్, కాంటు వంటి తత్త్వవేత్తల సరసన కూర్చోబెట్టారు. వినేవారి భాషలో, వారికి పరిచితమైన ఉదాహరణలతో మాట్లాడారు. పరుల గ్రంథాలను వారికంటె శ్రద్ధగా చదివినందువల్లనే తన గ్రంథాలను వారిచేత చదివించగలిగారు.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా, అంటే నేటి మాటలో ఉపకులపతిగా, వాల్తేరులో పనిచేశారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు వంటి ప్రతిభావంతులైన యువకులను అధ్యాపకులుగా రప్పించారు. 1936లో స్పాల్డింగ్ అనే దాత నెలకొల్పిన ప్రాచ్యమత నీతిశాస్త్రాల పీఠానికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆయనను మొదటి ఆచార్యునిగా నియమించింది. 1438లో స్థాపితమైన ఆల్ సోల్స్ కళాశాల ఆయనకు సభ్యత్వమిచ్చింది. భారతదేశం పరాధీనమై ఉన్న కాలంలో ఒక భారతీయుడు పాలకుల విద్యాపీఠంలో ఆచార్యుడు కావడం చిన్న విషయం కాదు. 1952 వరకు ఆ పీఠం ఆయనదే. అక్కడి ఉపన్యాసాల ఫలమే 1939లో వెలువడిన ప్రాచ్యమతాలు, పాశ్చాత్య చింతన అన్న అర్థం గల గ్రంథం.

ఈ కీర్తికి ఒక మూల్యం ఉన్నది. ఆయన ఏటేటా దేశాల నడుమ తిరుగుతుంటే, ఐదుగురు కుమార్తెలు, ఒక కుమారుడు గల సంసారాన్ని భార్య శివకాము ఎక్కువకాలం స్వదేశంలోనే ఉండి నడిపించారు. ఓడలలో వారాల తరబడి ప్రయాణం, ఉత్తరాలకై ఎదురుచూపులు ఆ తరం కుటుంబాలకు తప్పనివి. 1956లో ఆమె మరణించారు. ఆచార్యుని జీవితచరిత్రలో ఆ ఇల్లాలి ఓర్పుకు దక్కిన పుటలు తక్కువ. అయినా ఆయన తన ఆలోచనను మాత్రమే వెంట తీసుకొనిపోగలిగారని, ఇంటిని తీసుకొనిపోలేకపోయారని గ్రహించినప్పుడే ఆ జీవితం మనకు సమగ్రంగా అర్థమవుతుంది.

ఆయనపై విమర్శలు లేకపోలేదు. అద్వైతానికి అధిక ప్రాధాన్యమిచ్చి తక్కిన దర్శనాలను దాని వెలుగులోనే చూశారని, భేదాలను తగ్గించి సామరస్యాన్ని పెంచి చూపారని కొందరు పండితులు అన్నారు. అందులో కొంత నిజమున్నది. కానీ తలుపు తెరిచినవాడు ఇల్లంతా చూపలేదని నిందించడం ఎంతవరకు న్యాయమో ఆలోచించాలి. ఆ తలుపు తెరచుకొన్న తరువాతనే ఇతర గదులను చూపగలవారు లోపలికి రాగలిగారు.

1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి, మదనమోహన మాలవీయుని తరువాత, ఉపకులపతిగా ఉన్నారు. 1949లో సోవియట్ దేశానికి రాయబారి అయ్యారు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి పదవులు వరించాయి. 1954లో భారతరత్న లభించింది. రాష్ట్రపతి అయిన ఏడు తన పుట్టినరోజును వేడుక చేస్తామన్నవారికి, దానిని ఉపాధ్యాయుల దినంగా జరిపితే సంతోషిస్తానని తెలిపారు. అత్యున్నత పదవిలో ఉండి సైతం తనను ఉపాధ్యాయునిగానే గుర్తించమని కోరడంలో ఆయన స్వభావం వ్యక్తమవుతున్నది. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో ఆయన కన్నుమూశారు.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైనది. శిల్పకళకు పేరుపొందిన ఆళ్లగడ్డ ఆ జిల్లాలోనిదే. ఈ పట్టణాల కళాశాలలలో చదివే విద్యార్థులలో రేపు దూరదేశాలకు వెళ్లేవారు, అక్కడ పాఠం చెప్పేవారు తప్పక ఉంటారు. నేడు ప్రయాణం వారాలు కాదు, గంటలు. అయినా వెంట ఏమి తీసుకొనిపోవాలన్న ప్రశ్న మాత్రం మారలేదు. తాను పుట్టిన సీమ భాషను, సాహిత్యాన్ని శ్రద్ధగా నేర్చినవాడికే పరాయి సభలో చెప్పడానికి ఒక మాట ఉంటుంది. ఆ మాటను సంపాదించవలసిన కాలం విద్యార్థిదశయే.